గొంతుగారి చిటిక

గొంతుగారికి కన్నీళ్ళంటే అసహ్యం. కూరల బుట్టలో చెయ్యి పెడితే కుళ్ళిన టమాటా వేళ్ళకి అంటుకున్నప్పుడు మనకెలా ఉంటుందో, ఎవరైనా ఎదురుగా కూర్చుని కళ్ళొత్తుకుంటే ఆయనకి అలా ఉండేది. చావింటికి వెళ్ళినా గుమ్మంలోనే నిలబడి, రెండు ముక్కలు మాట్లాడి, చెప్పులేసుకుని వచ్చేసే రకం. భార్య పోయినప్పుడు కూడా పరామర్శకి వచ్చినవాళ్ళని "ఏడవడానికైతే వీధిలోకి వెళ్ళండి, ఇక్కడ నాకు తల నొప్పిగా ఉంది" అన్న మనిషి. అలాంటి మనిషి నెత్తిన తీసుకొచ్చి ఏడుపుల నవల పడేశారు. ఒక భాగమా, ఎనిమిది భాగాలు. ఇక ఆ మొహం ఎలా ఉండేదో మీరే ఊహించుకోండి.

చదవడమే ఆయన ఉద్యోగం. పుస్తకం చేత్తో పట్టుకునే తీరిక లేనివాళ్ళకీ, చూపు ఆననివాళ్ళకీ, బస్సులో కడ్డీ పట్టుకుని వేలాడేవాళ్ళకీ చెవిలో కథ చెప్పే స్టూడియో అది. కింద టైర్ల కొట్టు, మేడ మీద స్టూడియో. మెట్లెక్కుతుంటేనే రబ్బరు కంపు ముక్కు పగలగొడుతుంది. లోపలి గదికి గోడల నిండా స్పాంజి, పరుపంత మందాన తలుపు, గాలాడదు. అందులో మైకు ముందు గొంతుగారు కూర్చునేవారు. అద్దానికి ఇవతల, కంప్యూటర్ ముందు, వెనక రేకు ఊడిన తిరిగే కుర్చీలో బావ కూర్చునేవాడు.

బావంటే చెల్లెలి మొగుడు. అంతకంటే ముందు బడిలో ఒకే బెంచీ మీద కూర్చుని, ఒకే రకంగా లెక్కలు తప్పు చేసి, ఒకే బెత్తంతో దెబ్బలు తిన్న స్నేహితుడు. పెద్దయ్యాక గొంతుగారు బస్టాండులో మైకు ముందు కూర్చుని ఏ బస్సు ఎక్కడ నిలబడిందో చెప్పే పనిలో కుదిరారు. అక్కడి స్పీకర్లు బాగు చెయ్యడానికి వచ్చిన బావ, నిచ్చెన మీదే ఆగిపోయి, "ఒరేయ్, నువ్వు బస్సుల పేర్లు చెబుతుంటే ఎక్కాలనిపిస్తోందిరా, నాకు ఆ ఊళ్ళో పని లేకపోయినా" అన్నాడు. అని ఊరుకోలేదు. తను పని చేసే స్టూడియో పెద్దాయన దగ్గరికి లాక్కెళ్ళి, "వీడి గొంతు వినండి, నచ్చకపోతే ఇద్దరినీ తీసెయ్యండి" అన్నాడు. పెద్దాయన విన్నారు. అప్పటినుంచి ఇద్దరూ అద్దానికి చెరోపక్క. చెల్లెలి పెళ్ళి సంగతి కూడా ఆ అద్దంలోంచే, సైగలతోనే, ముందు తేలిపోయిందని బావ అందరికీ చెప్పేవాడు. అదొక్కటీ అబద్ధం.

ఆ రోజుల్లో బావ చెవులు చెవులు కావు. పక్క గదిలో ఎవరైనా గుటక వేస్తే, "నీళ్ళా, టీయా" అని కూడా చెప్పేవాడు. పెద్దాయన పోయి, ఆయన కూతురు మేడమ్ స్టూడియో చూసుకోవడం మొదలుపెట్టాక కూడా ఆ పేరు అలాగే ఉంది. "ఆయన విని సరే అన్నారంటే ఇక ఎవరూ వినక్కర్లేదు" అని మేడమ్ అనేది. నిజంగానే ఎవరూ వినేవాళ్ళు కాదు. అక్కడే వచ్చింది తంటా.

ఎందుకంటే బావకి వినిపించడం మానేసింది.

ఒక్కసారిగా కాదు. ముందు సన్నటి చప్పుళ్ళు పోయాయి, ఆ తర్వాత పిట్టలు, ఆ తర్వాత కుక్కర్ కూత. చెల్లెలు ఇంట్లో అరిచి అరిచి గొంతు బొంగురు చేసుకుంది. ఆస్పత్రికి తీసుకెళ్ళి చెవి మిషన్ కూడా కొనిపించింది. బావ దాన్ని డబ్బాతో సహా బీరువాలో, పాత దుప్పట్ల కింద దాచేశాడు. "చెవిలో మిషన్ పెట్టుకుని ఆ కుర్చీలో కూర్చుంటే కళ్ళకి గంతలు కట్టుకుని బస్సు నడిపినట్టే. ఆ పూటే లేపేస్తారు. ఆ కుర్చీలోంచి లేచానంటే నేను ఇంక దేనికీ పనికిరాను" అన్నాడు. అని కళ్ళొత్తుకోబోయాడు. గొంతుగారు వెంటనే మొహం అటు తిప్పుకుని, "సరే, ఊరుకో, రేపటినుంచి నేను చూసుకుంటాలే" అని విసుక్కున్నారు.

చూసుకోవడం ఎలాగంటే, చిటికతో. చదివేటప్పుడు పెదాలు చప్పుడవుతాయి, కడుపు గుర్రుమంటుంది, కాగితం గరగరలాడుతుంది, నాలుక మడత పడుతుంది. ఇవన్నీ కత్తిరించాల్సింది బావ. వినిపిస్తే కదా కత్తిరించడానికి. అందుకని తప్పు జరగగానే గొంతుగారు ఆగి, మైకు దగ్గర ఠప్పున ఒక చిటిక వేసి, ఆ వాక్యం మళ్ళీ మొదటినుంచి చదివేవారు. కంప్యూటర్ తెర మీద గొంతు గీతలా పాకుతూ పోతుంది కదా, చిటిక వేసిన చోట ఆ గీత మేకులా పైకి లేస్తుంది. బావ దాన్ని కళ్ళతో చూస్తాడు. అద్దం అవతలనుంచి రెండు వేళ్ళు పైకెత్తి కత్తెరలా ఆడిస్తాడు. అంటే, చూశాను, కత్తిరిస్తాలే, అని. తలకి హెడ్‌ఫోన్లు మామూలుగానే ఉండేవి, అలంకారానికి.

ఈ సంగతి తెలిసింది ఇద్దరికి, చెల్లెలితో కలిపి ముగ్గురికి. ఏళ్ళ తరబడి నడిచింది. వాళ్ళిద్దరూ దీని గురించి ఒక్కసారైనా మాట్లాడుకున్నారా అంటే, లేదు. మాట్లాడుకోవడానికి ఏముంది అందులో, అనేది గొంతుగారి పద్ధతి.

ఇప్పుడు నవల దగ్గరికి వద్దాం. ఎగిరే కొండలు, మాట్లాడే నదులు, ఏడు తలల మంత్రగత్తె, అంతా బాగానే ఉంది. గొంతుగారికి కొండలు ఎగిరితే అభ్యంతరం లేదు. కానీ ఆ కొండ దిగిన ప్రతివాడూ ఎవడో ఒకణ్ణి కావలించుకుని ఏడుస్తాడు. స్నేహితులు ఏడుస్తారు. అన్నదమ్ములు ఏడుస్తారు. మూడో భాగంలో ఒక చెల్లెలు అన్నలు నది దాటాలని శాపం నెత్తినేసుకుని రాతి మెట్టయిపోతుంది. పెద్దన్న రోజూ వచ్చి, ఆ మెట్టుని కన్నీళ్ళతో కడిగి, దాని మీద కాలు పెట్టి నది దాటి, సాయంత్రం మళ్ళీ అదే మెట్టు మీదుగా వెనక్కి వెళ్తాడు.

"అంత ప్రేమ ఉన్నవాడు ఒక పడవ కట్టుకోవచ్చు కదా" అన్నారు గొంతుగారు మైకులోనే. అని చిటిక వేశారు. బావ కత్తెర చూపించాడు.

అన్నిటికంటే ఆయనకి ఒళ్ళు మండించింది నాలుగో భాగంలోని సభ. చూపు పోయిన విలుకాడు ఒకడున్నాడు. వాడి నేస్తం వెనకాల నిలబడి, వీపు మీద వేలితో రాస్తూ, బాణం ఎటు వెయ్యాలో చెబుతుంటాడు. లోకానికి తెలియదు. ఇంతవరకు గొంతుగారికి నచ్చింది. తిన్నగా కూర్చుని, నీళ్ళు కూడా తాగకుండా, శ్రద్ధగా చదివారు. రాక్షసుణ్ణి కొట్టారు, గెలిచారు, రాజు సభ పెట్టాడు. అక్కడ ఆ విలుకాడు, నోరు మూసుకుని దండ వేయించుకోక, మోకాళ్ళ మీద కూలబడి, "మహారాజా, నాకు చూపు లేదు, వీడి కళ్ళే నా కళ్ళు" అని భోరుమంటాడు. నేస్తం ఏడుస్తాడు. రాజు ఏడుస్తాడు. సభంతా ఏడుస్తుంది. బయట కట్టేసిన గుర్రం కూడా ఏడుస్తుందని రాశాడు ఆ మహానుభావుడు.

గొంతుగారు కాగితం కింద పెట్టి తలుపు తోసుకుని బయటికొచ్చారు.

"ఛీ. వాంతొస్తోంది బావా."

బావ ఆయన పెదాలు చూసి అర్థం చేసుకున్నాడు. "ఏం తిన్నావురా పొద్దున?"

"తిన్నది కాదు, చదివింది. వాడెవడో సాయం చేస్తే, ఆ సాయాన్ని నలుగురిలో పెట్టి ఆరబోస్తున్నాడు వెధవ. చేసినవాడి మొహం ఏమైపోవాలి? ఇన్నాళ్ళు గుట్టుగా ఉన్నదాన్ని బజార్న పెట్టి, పైగా కావలింతలు."

"నాకేం తెలుసురా కథ" అన్నాడు బావ. "నాకు కనిపించేది గీత. ఇవాళ నీ గీత నీరసంగా ఉంది. గుర్రం అంటున్నప్పుడైతే ఏకంగా పడుకుంది."

అవును, మనం మరిచిపోకూడని సంగతి అదే. గొంతుగారు ఇన్నేళ్ళుగా చదివిన ఇన్ని పుస్తకాల్లో, ఆఖరి అల్మారాకి సరిపడా పుస్తకాలు బావ వినలేదు. అన్నిటికంటే దగ్గర కూర్చున్నవాడు, అన్నిటినీ కత్తిరించి అతికించినవాడు, ఏ కథలో ఎవరు చచ్చారో ఎవరు బతికారో తెలియనివాడు.

ఇంక దీపం. ఆ నవల మొదలుపెట్టేటప్పుడే గొంతుగారి కళ్ళు మసకబారాయి. పాత బల్బు వేడికి నెత్తి మాడిపోతోందని, వీధి చివర కొట్లో ఒక చిన్న దీపం కొనుక్కొచ్చి కాగితాల స్టాండుకి తగిలించుకున్నారు. తెల్లటి వెలుగు, వేడి లేదు. కొత్త వస్తువు మైకు దగ్గరికి వస్తే చప్పుడు చేస్తుందేమో చూడాలి, అది ఆ పనిలో మొదటి పాఠం. ఇద్దరూ చూశారు. బావ దాని మీద చెయ్యి పెట్టి చూశాడు, వణకడం లేదన్నాడు. గొంతుగారు చెవి ఆనించి విన్నారు, ఏమీ లేదన్నారు. "నీ చెవి ఉంటే చాల్లే" అని బావ కళ్ళతో అన్నాడు. దీపం అక్కడే ఉండిపోయింది.

మొదటి భాగాలు జనంలోకి వెళ్ళాయి. కొన్నాళ్ళకి ఫిర్యాదులు రావడం మొదలైంది. కథ బాగుందట, గొంతు ఇంకా బాగుందట, కానీ వెనకాల దోమ పాడుతోందట. ఒకమ్మాయి రాత్రంతా దోమ కోసం గదిలో దుప్పటి విదిలించిందట. మేడమ్ ఆ ఉత్తరాలు బావకి పంపింది. బావ గొంతుగారికి చూపించాడు. గొంతుగారు హెడ్‌ఫోన్లు పెట్టుకుని మొదటి భాగం చాలాసేపు విన్నారు.

"దోమా లేదు, ఈగా లేదు. వాళ్ళ బుర్రల్లో ఉంది దోమ. పనీపాటా లేని పిల్లలు" అన్నారు.

"వాడు విన్నాడు, ఏమీ లేదు" అనుకున్నాడు బావ. ఏమీ లేదని మేడమ్‌కి రాసేశాడు.

ఫిర్యాదులు ఆగలేదు. ఒకరోజు మధ్యాహ్నం మేడమ్ ఇద్దర్నీ తన గదికి పిలిచింది. టైర్ల కొట్టు వైపు కిటికీ ఉన్న గది. ఆమె, జీతాలు రాసే ఆవిడ, ఇద్దరూ మొహాలు చిట్లించుకుని కూర్చుని ఉన్నారు. బల్ల మీద రెండు స్పీకర్లు.

"బాబాయ్, కూర్చోండి" అంది మేడమ్ బావతో. చిన్నప్పుడు ఆ స్టూడియో మెట్ల మీద ఆడుకున్న పిల్ల, ఆయన్ని అలాగే పిలిచేది. "ఇది మొన్న రికార్డు చేసింది. వాక్యానికీ వాక్యానికీ మధ్య ఖాళీ మాత్రమే తీసి వరసగా అతికించాను. ఆ కొత్త దీపం వచ్చినప్పటినుంచే ఉంది ఈ దోమపాట. వినండి."

మీట నొక్కింది. జీతాలావిడ చెవులు మూసుకుంది. ఇద్దరు పెద్దమనుషులు స్పీకర్ల వైపు చూస్తూ కూర్చున్నారు. గొంతుగారికి వినిపించింది నిశ్శబ్దం. శుభ్రమైన నిశ్శబ్దం. పక్కకి చూశారు. బావ ఆయన మొహంలోకే చూస్తున్నాడు, ఏమనాలో చెప్పు అన్నట్టు.  అప్పుడర్థమైంది ఆయనకి. బావ చెవులు పోయాయని ఈయన చెవులు అరువిస్తూ వచ్చారు. ఈ చెవులు కూడా ముసలివైపోయాయని ఈయనకి చెప్పేవాళ్ళెవరు?

"వినిపిస్తోందా?" అంది మేడమ్.

బావకి ఆ మాట అందలేదు, మేడమ్ తల వంచుకుని అడిగింది. గొంతుగారికి అందింది. ఆలోచించడానికి వ్యవధి లేదు. ఎవరు వినలేదని తేలితే వాళ్ళ కుర్చీ పోతుంది. ఆ కుర్చీలో కూర్చునేది బావ.

"వినిపించకేం, మేడమ్. స్పష్టంగా వినిపిస్తోంది. ఇదిగో, ఇప్పుడు కూడా. మొదటిరోజే విన్నాను. ఆ దీపం నాది. బావ ఆపుదామన్నాడు, నేనే వద్దన్నాను. చదువు మంచి ఊపులో ఉంది, మధ్యలో లేవనన్నాను. తప్పంతా నాదే, ఆయన్నేమీ అనకండి."

మేడమ్ ఆయన వైపు చూసింది. కోపంగా కాదు, అదే ఘోరం.

"నేను ఆపేసి చాలాసేపైంది, సార్" అంది.

జీతాలావిడ చెవుల మీదినుంచి చేతులు ఎప్పుడో తీసేసింది. గొంతుగారు అది చూసుకోలేదు. వందల పుస్తకాల రాజుల్ని, రాక్షసుల్ని, దొంగల్ని ఒక్క గొంతుతో నమ్మించిన మనిషి, ఒక చిన్న అబద్ధం ఆడబోయి నిలువునా దొరికిపోయారు. తన మీద తనకే రోత పుట్టింది.  గోడ మీద టైర్ల కంపెనీ క్యాలెండర్ ఉంది. దానికేసి చూస్తూ కూర్చున్నారు.

బావకి మాటలు వినిపించకపోయినా మొహాలు వినిపిస్తాయి. మేడమ్ మొహం చూశాడు, బావమరిది మొహం చూశాడు. కుర్చీ ముందుకి లాక్కున్నాడు.

"అమ్మా, నాకు వినిపించదు" అన్నాడు. చెవిటివాళ్ళకి తమ గొంతు ఎంత పెద్దదో తెలియదు కదా, మేడ కింద టైర్ల కొట్టువాడు కూడా తలెత్తి చూసేంత గట్టిగా అన్నాడు. "దోమ కాదు, ఏనుగు అరిచినా వినిపించదు. మీ నాన్నగారు పోయిన ఏడాదికే నా చెవులు పోయాయి. వీడు చిటికలు వేస్తాడు, నేను కళ్ళతో చూసి కత్తిరిస్తాను. వీడు ఒక్క చిటిక మరిచిపోయినా నేను ఈ కుర్చీలో ఉండేవాణ్ణి కాదు. ఎప్పుడూ మరిచిపోలేదు. వీడి చెవులేనమ్మా నా చెవులు."

అని భోరుమన్నాడు.

గొంతుగారికి ఒళ్ళంతా గొంగళిపురుగులు పాకినట్టైంది. అవే మాటలు. ఆ నవల ముక్క కూడా వినని మనిషి నోట్లోంచి, ఆ వెధవ విలుకాడి మాటలు. మోకాళ్ళ మీద కూలబడలేదు, అంతే తేడా. మేడమ్ కళ్ళు తుడుచుకుంది. జీతాలావిడ ముక్కు చీదింది. ఇంక ఆ గుర్రం ఒక్కటే తక్కువ. "బావా, ఆపు. ఆపవయ్యా బాబూ" అని పళ్ళ మధ్యనుంచి అన్నారు. అది బావకి వినిపించలేదు. గొంతుగారు క్యాలెండర్‌లో అంకెలన్నీ చదివేశారు. ఎందుకో చివరి వరస సరిగ్గా కనిపించలేదు. ఆ దీపం వల్లే కళ్ళు ఇలా అయ్యాయి, అనుకున్నారు.

మేడమ్ చెడ్డది కాదు. గౌరవంగా చూసుకుంటానంది, పాత రికార్డులు సర్దే పని ఇస్తానంది, రోజూ వచ్చి కూర్చోమంది. బావ అన్నిటికీ తల ఊపి, తన గదిలోకి వెళ్ళి, హెడ్‌ఫోన్లు మేకుకి తగిలించి, కుర్చీని బల్ల కిందికి తోసి, టీ గ్లాసు జేబులో పెట్టుకుని మెట్లు దిగిపోయాడు. ఎవరూ లేపలేదు, తనే లేచాడు. అది గొంతుగారికి కాస్త నచ్చింది. మిగిలినదేదీ నచ్చలేదు.

గొంతు మారిస్తే జనం ఊరుకోరు కాబట్టి గొంతుగారు ఉండిపోయారు. మొదటి నాలుగు భాగాలూ మళ్ళీ మొదటినుంచి చదవాలి. తిరిగే కుర్చీకి కొత్త రేకు వేయించారు. అందులోకి ఒకమ్మాయి వచ్చింది. మంచి పిల్ల, పని తెలిసిన పిల్ల. మొదటి పేజీలో గొంతుగారికి నాలుక మడత పడింది. అలవాటుగా ఠప్పున చిటిక వేశారు.

చెవిలో ఆ అమ్మాయి మాట వినిపించింది. "చిటిక అక్కర్లేదు సార్. నాకు వినిపిస్తుంది. ఆ చప్పుడు చెవుల్లో గుచ్చుకుంటోంది, ఏమనుకోకండి."

"ఏమనుకుంటాను" అన్నారు గొంతుగారు. రెండో పేజీలో మళ్ళీ వేశారు. మూడో పేజీలో మళ్ళీ. అద్దంలోంచి ఆ పిల్ల పాపం హెడ్‌ఫోన్లు కాస్త జరుపుకోవడం కనిపించింది. చివరికి కుడిచెయ్యి తొడ కింద పెట్టుకుని, దాని మీద కూర్చుని చదవడం మొదలుపెట్టారు. సాయంత్రానికి చెయ్యి తిమ్మిరెక్కి మొద్దుబారిపోయింది.

ఆ చేతిని విదిలించుకుంటూ తిన్నగా చెల్లెలి ఇంటికి వెళ్ళారు. బావ కిటికీ దగ్గర కూర్చుని, బాగానే ఉన్న రేడియోని విప్పుతున్నాడు. రోజుకొకటి విప్పుతున్నాడట. గడియారం అయిపోయింది, ఇస్త్రీపెట్టె అయిపోయింది.

"ఇంకో నెల ఇలాగే కూర్చుంటే నన్ను కూడా స్క్రూలు తీసి బల్ల మీద పరుస్తారు అన్నయ్యా" అంది చెల్లెలు. నవ్వుతూనే అంది కానీ చేతిలో గరిటె ఊరికే తిప్పుతోంది. "నాతో మాట్లాడరు. ఎవరితోనూ మాట్లాడరు. దేనికీ పనికిరాను అంటారు, పడుకుంటారు."

గొంతుగారు బీరువా తీసి, పాత దుప్పట్ల కింద చెయ్యి పెట్టి, డబ్బా బయటికి లాగి, బావ ఒళ్ళో పడేశారు.

"పెట్టుకో."

"ఇప్పుడెందుకురా? కుర్చీ పోయాక."

"కుర్చీ పోయింది కాబట్టే. ఇంక దాచడానికి నీకేం మిగిలింది? మేడ కింద టైర్లవాడికి కూడా తెలిసేలా అరిచి చెప్పావుగా."

బావ మిషన్ పెట్టుకున్నాడు. మాటలు రేకు డబ్బాలోంచి వస్తున్నట్టున్నాయన్నాడు. గొంతుగారు సంచీలోంచి ఆ దిక్కుమాలిన నవల తీసి, ఎదురుగా కుర్చీ లాక్కుని, గొంతు రెండింతలు పెంచి మొదటినుంచి మొదలుపెట్టారు. జీవితంలో ఎప్పుడూ అంత గట్టిగా, అంత మోటుగా చదవలేదు. ఎగిరే కొండలొచ్చాయి. మాట్లాడే నదులొచ్చాయి. బావ రేడియో పక్కన పెట్టి స్క్రూడ్రైవర్ పట్టుకుని వింటున్నాడు. ఇన్నేళ్ళు తను కత్తిరించింది ఇలాంటి వింతలనా అని మొహంలో ఆశ్చర్యం. మర్నాడూ వచ్చారు, ఆ మర్నాడూ వచ్చారు. రాతిమెట్టు దగ్గర చెల్లెలు గరిటెతో సహా గుమ్మంలో నిలబడిపోయింది. "పడవ కట్టుకోవచ్చు కదా వాడు" అంది. గొంతుగారికి ప్రాణం లేచొచ్చింది.

సభ వచ్చిన రోజు ఆయన దాన్ని దాటేద్దామనుకున్నారు. రెండు కాగితాలు కలిపి తిప్పబోతే బావ చెయ్యి పట్టుకున్నాడు. ఇంక చేసేది లేక చదివారు. విలుకాడు కూలబడ్డాడు, వీడి కళ్ళే నా కళ్ళన్నాడు, అందరూ ఏడ్చారు.

బావ మొహం చిట్లించాడు.

"ఛీ. సిగ్గు లేదురా ఆ విలుకాడికి? నలుగురిలో అలా చెప్పేస్తే ఆ పక్కనున్నవాడు మొహం ఎక్కడ పెట్టుకుంటాడు?"

గొంతుగారు పుస్తకం మీదినుంచి తల ఎత్తారు.

"ఎక్కడా పెట్టుకోడు. క్యాలెండర్ చూస్తాడు" అన్నారు.

బావ స్క్రూడ్రైవర్‌ని ఒళ్ళో పెట్టి, తీసి, మళ్ళీ పెట్టాడు. చెల్లెలు లోపలికి వెళ్ళిపోయింది.

"నీకు అంత అసహ్యం వేసిందట్రా ఆరోజు?" అన్నాడు చివరికి.

"వాంతొచ్చినంత పనైంది."

"ఊఁ" అన్నాడు బావ. "సరే, గుర్రం ఏమైందో చదువు."

గొంతుగారు చదివారు. గుర్రం దగ్గర నాలుక మడత పడిందో, ఇంకేమైనా అయిందో, వాక్యం మధ్యలో తెగింది. ఆగి, చిటిక వేశారు. కత్తిరించడానికి అక్కడ కంప్యూటర్ లేదు, గీత లేదు, అద్దం లేదు. బావ కిటికీలోంచి బయటికే చూస్తూ, రెండు వేళ్ళు పైకెత్తి కత్తెరలా ఆడించాడు.

గొంతుగారు ఆ వాక్యం మళ్ళీ మొదటినుంచి చదివారు.